నీలి కాగితము, నీలి గుర్తులు

2013 జూలైలో మన దేశమున తంతి సేవ నిలిచిపోయినప్పుడు నేనంతగా చింతింపలేదు. తంతి వచ్చినదనగనే మా ఇంట అందరి గుండెలును గుభేలుమనెడివి. ఇన్‌లాండు ఉత్తరము మాట వేరు. మా అమ్మ వ్రాసిన ఆ నీలి కాగితమున చోటు చాలక, అంచు మడతలమీద సైతము చీమలబారువలె అడ్డముగా సాగిన అక్షరములలో, గేదె ఈనిన సంగతియు, వేళకు తినుచున్నావా యను ప్రశ్నయు ఇమిడియుండెడివి. నా జాబు చేరుటకు పక్షము పట్టినను ఆమె నొచ్చుకొని యెరుగదు. నేడు నా కుమారునికి వాట్సాప్‌లో నాలుగు మాటలు పంపి, ఆ రెండు టిక్కులును నీలిరంగు తిరిగిన పిమ్మట బదులు రాకున్నచో, పావుగంటలోనే నా మనస్సు పరిపరివిధముల పోవుచున్నది. వాడు చదివెనని తెలియుటయే ఈ వ్యథకు మూలము. ఆ గుర్తులు కనబడకుండ చేయు సౌకర్యమును అందే కలదు. నిన్న రాత్రి ఆ గుర్తులను ఆపివేసితిని.