రెండున్నర అడుగుల లైను

పక్కింటి పెద్దాయన ఇల్లు అమ్మేసి కూతురున్న ఊరికి వెళ్ళిపోతూ, తన పెరట్లో నడిపే రైలుని మాకిచ్చి వెళ్ళారు. పిల్లలు హాల్లో తిప్పే బొమ్మరైలు కాదు. ఇంగ్లండులో పెద్దవాళ్ళకి పట్టే పిచ్చి ఇది. పూలమొక్కల మధ్య పట్టాలు, చిన్న వంతెన, అడుగు పొడవు ఇంజను, వెనక నాలుగు పెట్టెలు. మేం పట్టాలు ఊడదీసి తెచ్చి మా పెరట్లో వేసుకున్నాం. మొత్తం చుట్టు 18 మీటర్లు.

ఇలాంటి ఇంజన్లలో చాలావాటికి కరెంటు పట్టాల గుండానే అందుతుంది. ఇంట్లో అయితే బాగానే ఉంటుంది. తోటలో వాన, రాలిన ఆకులు, నత్తలు పాకిన జిగురు... ఏది అడ్డొచ్చినా కరెంటు తెగి బండి ఆగిపోతుంది. నడిపే ముందు ప్రతిసారీ పట్టాలు రుద్దుకోవాలి. మోకాళ్ళు వంగడం మానేశాక పెద్దాయన చక్రాల నుంచి మోటారుకి వెళ్ళే తీగలు కత్తిరించేశారట. ఇంజనులో రేడియో రిసీవరు పెట్టి, వెనక పెట్టెలో నాలుగు లిథియం సెల్స్ ఉన్న బేటరీ అమర్చి, రెంటికీ ఒక తీగ కలిపారు. రిమోటు జేబులో పట్టేంత ఉంటుంది. దానిమీద వేగానికి తిప్పే బిళ్ళ, ముందుకీ వెనక్కీ ఒక స్విచ్చి. అంతే. ఇక పట్టాల్లో కరెంటు ఉండదు. దారి చూపించడమొక్కటే వాటి పని.

నాకు రైళ్ళ పిచ్చి లేదు. దాన్ని తీసుకున్నది నాన్న కోసం. అమ్మ పోయిన ఏడాదికి ఆయన్ని విజిటర్ వీసా మీద ఇక్కడికి రప్పిస్తున్నాను. ఒకసారికి ఆరు నెలలే ఉండనిస్తారు. ఏటా అలా వచ్చిపోతుంటే సరిపోతుందనీ, టెక్కలిలో ఇల్లు అమ్మేస్తే ఆయనకి వెనక్కి చూసుకునే పని ఉండదనీ నా లెక్క. నాన్న నౌపడ–గుణుపూర్ చిన్నబండిలో ఫైర్‌మన్. పెరట్లో రైలుంటే మనిషి ఇక్కడ కుదురుకుంటాడనుకున్నాను.

మీలో ఎవరైనా ఆ బండి ఎక్కారా? పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా మొదలై, తర్వాత గుణుపూర్ దాకా పెరిగింది. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. ఎంత నెమ్మదంటే, కదిలిపోయిన బండిని మేం పరుగెత్తి ఎక్కేవాళ్ళం. 2004లో ఆపేశారు. పెద్దలైను వేశాక 2011లో మళ్ళీ రైళ్ళొచ్చాయి. చిన్నబండి మాత్రం రాలేదు.

నాన్న వచ్చిన మర్నాడే ఇంజను చూపించాను. గొంతుక్కూచుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటిరా ఇది! బొగ్గు లేదు, నీళ్ళు లేవు. నాకేటి పని దీంతోటి?"

తర్వాత లోపలికెళ్ళి టేపు తెచ్చి పట్టాల మధ్య కొలిచాడు. 45 మిల్లీమీటర్లు. బొమ్మ ఎన్నో వంతని అడిగితే, ఇరవైరెండున్నర అన్నాను. కాసేపు మనసులో లెక్కేసి, "ఇది మీటరుగేజిరా. మాది కాదు" అన్నాడు. నేను ఫోన్లో లెక్కేసి చూశాను. నిజమే. ఆ కొలతకి వాళ్ళ లైనైతే 34 మిల్లీమీటర్లకి మించకూడదు.

మాది కాదంటూనే రోజూ పెరట్లోకి వెళ్ళేవాడు. మా అమ్మాయి బిళ్ళని చివరిదాకా తిప్పేస్తే, "అమ్మీ, నిదానం! మనుషులున్నారు బండిలో" అని కేకేసేవాడు. గంటకి 25 కిలోమీటర్లు వెళ్ళే బండి ఆ కొలతకి సెకనుకి 30 సెంటీమీటర్లు వెళ్ళాలని దానికి లెక్క నేర్పాడు. ఒక చుట్టు తిరగడానికి నిమిషం పట్టాలి. ఇద్దరూ గడియారం పట్టుకుని కూచునేవాళ్ళు.

సెప్టెంబరులో వానలు పట్టుకున్నాయి. గులాబీ మొక్కల దగ్గర చిన్న ఎత్తుంది. తడి ఆకుల మీద చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి గానీ ఇంజను కదల్లేదు. నేను చూసేలోపే నాన్న గుప్పెడు ఇసక తెచ్చి పట్టాలమీద జల్లేశాడు. పళ్ళచక్రాల్లోకి పోతుందని నేను అరిచాను. "మేం జల్లలేదేటి?" అని ఆయనకి కోపం వచ్చింది. ఆ పూట మాటల్లేవు.

రాత్రి భోజనాల దగ్గర ఆయనే అన్నాడు: "ఆ బేటరీ వెనక పెట్టెలో ఎందుకురా? ఇంజను దాన్ని కూడా లాక్కోవాలి. ఇంజన్లోనే ఎట్టు. సక్రాలకి బరువుంటేనే పట్టుంటాది."

మర్నాడు విప్పి, సెల్స్‌ని బాయిలరు లోపలికి మార్చి, మిగిలిన ఖాళీలో సీసం ముక్కలు కూరాం. ఎత్తెక్కేసింది. నాన్న చప్పట్లేమీ కొట్టలేదు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, బండి వంతెన దాటేదాకా చూశాడు.

ఇదే మంచి సమయమనుకున్నాను. టెక్కలి ఇంటికి బేరం వచ్చిందని చెప్పాను. ఆయన మాట్లాడలేదు. చుట్టు మధ్యలో బండి ఆగిపోయింది. ఛార్జి అయిపోయింది. నాన్న లేచి వెళ్ళి ఇంజనుని రెండు చేతుల్తో ఎత్తి, చక్రాలకంటిన ఆకులు తుడిచాడు.

"దీనికి లైను నుంచి ఏటీ అక్కర్లేదురా. కావాల్సింది కడుపులో ఎట్టుకుని తిరుగుతాది. నీలాగ. నాకు అట్టా కాదు."

నేను జవాబు చెప్పలేదు. ఇంకా నెలరోజుల గడువుండగానే టిక్కెట్టు మార్పించుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు సాయంత్రాలు టెక్కలి స్టేషన్లో కూచుంటున్నాడట. గుణుపూర్ బండి ఎంత ఆలస్యమో ఫోన్లో చెబుతాడు. ఆఖర్న, "ఇంజను ఏం సేసేవు?" అని అడుగుతాడు. లిథియం బేటరీని గడ్డకట్టే చలిలో ఛార్జి చెయ్యకూడదు, పూర్తిగా ఖాళీ చేసి వదిలేయకూడదు. అందుకే సగం ఛార్జితో ఇంట్లోకి తెచ్చి, ఆయన పడుకున్న గదిలో పెట్టానని చెప్పాను.

ఇల్లమ్మే మాట మళ్ళీ ఎత్తలేదు.