దారి ప్రక్క టీ గ్లాసు

ఇటలీ దేశములో 'బార్' అనే బోర్డు చూచి మన విశ్వాసి ఎవరైనా తల ప్రక్కకు త్రిప్పుకొని వెళ్ళిపోయినచో, ఆ ఉదయము ఆయనకు కాఫీ దొరకదు. అక్కడ బార్ అనగా మొట్టమొదట కాఫీ కొట్టు. సీసాలు కూడ అలమరలో ఉండును గాని, తెల్లవారినది మొదలు జనులు పరుగెత్తి వచ్చునది కాఫీ కొరకే. విదేశములలో పని చేయు మన బిడ్డలు సెలవులకు వచ్చినపుడు చెప్పిన మాటలను బట్టి, చదివినదానిని బట్టి ఆ దేశముల సంగతి వ్రాయుచున్నాము. గోదావరి డెల్టా సంగతి మాత్రము మేము బస్సులలోను, కాలినడకను తిరిగి చూచినదే.

ఇటలీ వారు కాఫీని నిలుచుండి త్రాగుదురు. ఎత్తైన బల్ల, దాని వెనుక ఆవిరితో నడచు యంత్రము, రెండు గ్రుక్కల కాఫీ పట్టు పింగాణి కప్పు. ఆ యంత్రమునకు మిలాను పట్టణస్థుడైన లూయిజీ బెజ్జెరా 1901లో పేటెంటు కోరెను. పెద్ద కొట్లలోనైతే ముందు డబ్బు కట్టి, చీటీ తెచ్చి బల్ల మీద పెట్టవలెను. మన బస్సు స్టాండు హోటళ్ళలోని టోకెను పద్ధతియే. కుర్చీలో కూర్చుంటే ధర ఎక్కువ, నిలుచుంటే తక్కువ. అందువలన వీధి ఊడ్చువాడును, బ్యాంకు అధికారియు ఒకే బల్లకు మోచేతులు ఆనించి, అదే రకము కప్పులో త్రాగి వెళ్ళుదురు. కప్పు కడుగువాడు అది ఎవరి పెదవులకు తగిలినదో విచారించడు.

బ్రిటను వారి రీతి వేరు. వారికి టీ కావలెను, కూర్చుండుటకు చోటు కావలెను. లయన్స్ కంపెనీ 1894లో లండను పిక్కడిల్లీలో మొదటి టీ దుకాణము తెరచినది. ఇట్టి దుకాణములలో స్త్రీలు మగతోడు లేకుండ వచ్చి గౌరవముగా కూర్చుండగలిగిరి. మద్యపాన నిషేధమును కోరిన క్రైస్తవులు అంతకు ముందే సారా అంగళ్ళకు పోటీగా కాఫీ అంగళ్ళు పెట్టించియుండిరి. ఇటలీ యంత్రపు కాఫీ లండనులో వేళ్ళూనినది రెండవ ప్రపంచ యుద్ధము తరువాతనే; సోహో పేటలో మోకా బార్ 1953లో ప్రారంభమైనది. ఆ మీద 1959లో రెండు దేశముల వారును పెద్ద రహదారుల మీద ప్రయాణికులకు భోజనశాలలు కట్టిరి. ఇటలీ వారు ఫియొరెంజువోలా వద్ద రోడ్డుకు అడ్డముగా వంతెన వలె కట్టి, పైన వడ్డించగా క్రింద కార్లు పోవునట్లు చేసిరి. బ్రిటను వారు ఎం1 రహదారి మీద వాట్‌ఫర్డ్ గ్యాప్ వద్ద నిలుపుదల చోటు పెట్టిరి. అక్కడి తిండిని ఆ దేశస్థులే చాల కాలము వెక్కిరించిరి.

బ్రిటను సారా అంగళ్ళలో మరియొక ఏర్పాటుండెను. ఒకే కప్పు క్రింద రెండు గదులు: కూలివారికి ఒకటి, దొరలకు మెత్తని కుర్చీలతో మరియొకటి. రెండవ గదిలో ధర కొంచెము ఎక్కువ. 1960ల తరువాత ఆ అడ్డుగోడలు చాలవరకు పోయినవి. అది జేబును బట్టి పెట్టిన గోడ. డబ్బున్నవాడు ఏ గదిలోనికైనను పోవచ్చును.

ఇక మన డెల్టాకు వత్తము. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తి అయిన తరువాత కాలువలే మన రహదారులాయెను. పడవలు లాకుల యొద్ద ఆగవలసి వచ్చెడిది గనుక, లాకుల దగ్గరనే పాక హోటళ్ళు వెలసెను. తరువాత వంతెనలు వచ్చినవి, బస్సులు వచ్చినవి, హోటళ్ళు రోడ్డు మీదికి నడచి వచ్చినవి. నేడు రాజమండ్రిలో రోజ్ మిల్క్ త్రాగి బయలుదేరినవాడు జొన్నాడ దాటి రావులపాలెములో దిగునప్పటికి అరటి గెలల మధ్య పది టీ కొట్లు కనబడును. అంబాజీపేటలో పొట్టెక్కలు తినకుండ ముందుకు పోవుట మా వల్ల కాదు. పనస ఆకులను పుల్లలతో కుట్టి బుట్ట చేసి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికింతురు. ఆకు వాసన పిండికి పట్టును. పాలకొల్లు దిబ్బరొట్టె ఆకలితో ఉన్నవాడికి ఒకటి చాలును. తాపేశ్వరము మడత కాజా, 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురము పూతరేకులు ఇంటికి పొట్లము కట్టించుకొని పోవునవి. కాఫీ కూడ మనకు పరాయిది కాదు. తూర్పు గోదావరి మన్యములోని పాములేరు లోయలో 1898లోనే కాఫీ మొక్కలు నాటిరి. అక్కడి నుండి కొండల మీద వ్యాపించిన పంటను గిరిజనులు పండించుచుండగా, 2017లో అరకు కాఫీకి ప్యారిస్ నగరములోనే దుకాణము వెలసినది.

పొట్టెక్క ఆకు తిన్న తరువాత పారవేయుదురు. అరిటాకు కూడ అంతే. ఆకుతో చిక్కు లేదు. గ్లాసు అట్లు కాదు. దానిని కడిగి మరియొకరికి ఇయ్యవలెను. మన జిల్లాలలో చిక్కంతయు అక్కడనే వచ్చినది. మా సంఘములలోని పెద్దలు యీ సంగతి ఇప్పటికిని తల వంచుకొనియే చెప్పుదురు. కొట్టు చూరులో వేరుగా గ్లాసులు పెట్టియుంచెడివారు. మాలమాదిగలు తమ గ్లాసు తామే తీసికొని, టీ పై నుండి పోయించుకొని, దూరముగా గొంతుకూర్చుండి త్రాగి, తామే కడిగి మరల చూరులో పెట్టవలెను. టీ ఒక్కటే, ధర ఒక్కటే, డబ్బు మాత్రము మైల కాదు! బ్రిటను వాడి రెండవ గదిలోనికి డబ్బుతో పోవచ్చును, మన రెండవ గ్లాసు నుండి డబ్బుతో కూడ బయటికి రాలేరు.

చట్టము లేకపోలేదు. రాజ్యాంగము 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసినది. 1955 నాటి చట్టము హోటళ్ళలో ప్రవేశమునే గాక, అక్కడ అందరి కొరకు ఉంచిన పాత్రలను వాడుకొను హక్కును కూడ పేరు పెట్టి చెప్పినది. 1976లో దానిని గట్టిపరచి పౌరహక్కుల పరిరక్షణ చట్టము అనిరి. చూరులోని గ్లాసు క్రమముగా మాయమైనది. అందుకొరకు అడిగినవారు, దెబ్బలు తిన్నవారు, కేసులు పెట్టినవారు అనేక ఊళ్ళలో ఉన్నారు. అయినను ఇది పాత కథ అని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. కోనసీమ జిల్లాకు అంబేడ్కరు పేరు పెట్టబోగా 2022 మే నెలలో అమలాపురములో ఇండ్లు కాలినవి.

తరువాత పేపరు కప్పు వచ్చినది. శుభ్రమునకు మంచిదే. రోగములు అంటవని డాక్టర్లు కూడ అందురు. కాని మేము గమనించినది ఏమనగా, కొన్ని ఊళ్ళలో కొట్టువాడికి పేపరు కప్పు ఒక పెద్ద తలనొప్పి తీర్చినది. ఎవరి కప్పు వారు పారవేయుదురు గనుక ఎవరి ఎంగిలి ఎవరు కడిగిరనే ప్రశ్నయే పుట్టదు. అందరికి ఒకే కప్పు వచ్చినందుకు సంతోషింపవలెనా, ఒకరి గ్లాసు ఒకరు ముట్టకుండనే దినము గడచిపోవుచున్నందుకు చింతింపవలెనా? మా మట్టుకు మాకు రెండవదే ఎక్కువ నిజమని తోచుచున్నది. యోహాను సువార్త నాలుగవ అధ్యాయములో బావి యొద్ద సమరయ స్త్రీ ఆశ్చర్యపడినది ఒక యూదుడు దప్పిగొన్నందుకు కాదు, తన చేతి నీళ్ళు అడిగినందుకు. మన ప్రేమవిందులలో ఎవరు ఏ పంక్తిలో కూర్చుందురో, వంట ఎవరు చేసిరని ముందే వాకబు చేసి ఎవరు 'ఉపవాసము' ఉందురో, సంఘపెద్దలకు తెలియనిది కాదు.

లంక గ్రామమొకదానిలో మా సంఘ సభ్యురాలైన ఒక విధవరాలు రేవు దగ్గర టీ బడ్డీ పెట్టుకొన్నది. మొదట పేటలోని వారే వచ్చిరి. తరువాత ఆటోవారు, ఇటుకబట్టీల కూలీలు ఆగిరి. రైతులు మాత్రము ఆమె కొట్టు దాటి అర మైలు నడచి పోయి మరియొక చోట త్రాగి వచ్చెడివారు. రెండవ వర్షాకాలములో వాన వారిని ఆపినది. పేపరు కప్పులో త్రాగి, రుచి బాగున్నదని పోయిరి. ఆమె చూరు క్రింద కాదు, బల్ల మీద అందరికి కనబడునట్లు ఆరు స్టీలు గ్లాసులు తోమి బోర్లించి పెట్టును. "ఎందుకమ్మా, అందరు పేపరు కప్పే అడుగుచున్నారు గదా?" అని మేము అడిగితిమి. "ఉండనీయండి అయ్యగారూ, పేపరు కప్పులో టీ తొందరగా చల్లారిపోద్ది. ఆళ్ళకీ తెలుస్తాది," అన్నది. మొన్న సంక్రాంతి తరువాత మేము వెళ్ళినపుడు రెండు గ్లాసులు బల్ల మీద లేవు. ఒకటి మేము గుర్తెరిగిన ఆటో డ్రైవరు చేతిలో ఉన్నది. రెండవది గట్టు మీద కూర్చున్న ఒక కొబ్బరితోట కామందు చేతిలో ఉన్నది. ఆయన త్రాగి, గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, చిల్లర కొరకు నిలిచియుండెను.