సెల్లారులో ట్రంకు పెట్టె (గురుకులం ముచ్చట్లు – 9)

పోయిన ఆదివారం మా గురుకులం మెస్సు గురించి రాస్తే చాలామంది మీ మీ మెస్సుల కథలు చెప్పారు. పప్పుచారులో పప్పు వెతుక్కున్న కథలు చదివి రాత్రి ఒంటిగంట దాకా నవ్వాను. వాటి మధ్యలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్న అడిగింది. "మేడం, ఎప్పుడో ఇరవై ఏండ్ల కిందటి గురుకులం గురించి ఇంత రాస్తరు. కరోనాల మమ్మల్ని ఇండ్లకు పంపినప్పటి సంగతి ఎందుకు రాయరు?"

ఎందుకు రాయలేదో నాకు తెలుసు. అందులో నేను కూడా ఉన్నాను కాబట్టి. అది కూడా అంత బాగా కనిపించని చోట ఉన్నాను.

మా అక్క ఐదో తరగతిలో బడి మానేసింది. అమ్మ పత్తి ఏరబోతే ఇంట్లో చిన్నపిల్లను చూసుకునే మనిషి కావాలి. ఆ చిన్నపిల్లను నేనే. నాలుగేళ్ళ తర్వాత నాకు గురుకులంలో సీటొచ్చింది. నన్ను దింపడానికి నాయినతో పాటు అక్క కూడా వచ్చి, డార్మెట్రీలో ఇనుప మంచాన్ని చేత్తో నిమిరి చూసింది. ఏమీ అనలేదు. ఆ నిమరడం మాత్రం నాకిప్పటికీ గుర్తుంది. నా పేరు ముందు డాక్టర్ అని ఎవరైనా రాస్తే, అందులో సగం అక్కదని వేదికల మీద చాలాసార్లు చెప్పాను. చెప్పడం సులువే.

అక్క, బావ పాలమూరు నుంచి హైదరాబాదు వచ్చి పన్నెండేళ్ళకు పైనే. బావ కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. సెల్లారులో, జనరేటర్ పక్కన ఒక్క గది. అక్క ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీలో ఏజెన్సీ కింద హౌస్‌కీపింగ్ పని చేసేది. బిడ్డ మా జిల్లాలోనే సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకునేది. గౌలిదొడ్డి గురుకులానికి పోయి నీట్ కోచింగ్ తీసుకోవాలని దాని ఆశ. అమ్మానాన్నలకు ఐదారు కిలోమీటర్ల దూరంలో తను కూడా ఉండొచ్చని ఇంకో ఆశ.

2020 మార్చి 14 సాయంత్రం బడులన్నీ నెలాఖరు దాకా బందని సర్కారు చెప్పింది. రెండ్రోజులకు ఎనిమిదో తరగతి పిల్ల, ట్రంకు పెట్టెతో ఆ సెల్లారులో దిగింది. పెట్టె మీద తెల్ల పెయింటుతో పేరు, అడ్మిషన్ నంబరు. గదిలో పెట్టడానికి జాగా లేక, బయట ఎవరిదో కారు పార్కింగ్ గీతకు ఇవతల గోడకానించి పెట్టారు. పదిహేను రోజులే కదా అనుకున్నారు. తర్వాత సంగతి మీకు తెలుసు.

ఐటీ కారిడార్ అంటే మనకు అద్దాల బిల్డింగులు, ట్రాఫిక్ జాము గుర్తొస్తాయి. ఆ ఏప్రిల్‌లో మైండ్‌స్పేస్ చౌరస్తాలో కుక్కలు రోడ్డు మధ్యలో పడుకున్నాయి. సాఫ్ట్‌వేర్ వాళ్ళు ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికి పోయారు. చీపురు ఇంటికి పట్టుకపోతే జీతం రాదు. అక్క ఏజెన్సీ వాళ్ళు మొదట సగం జీతం ఇచ్చారు, మే నెలలో ఫోన్ ఎత్తడం మానేశారు. మా లింగంపల్లి స్టేషన్ నుంచే మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు పన్నెండు వందల మందితో జార్ఖండ్‌లోని హటియాకు పోయింది. వాళ్ళకు పోవడానికి ఒక ఊరుంది. అక్కావాళ్ళకూ ఊరుంది గానీ, ఊళ్ళో ఇల్లు కూలిపోయి ఆరేళ్ళయింది. ఉన్న ఒక్క నీడ ఆ ఉద్యోగంతో వచ్చిన గదే.

అప్పుడు నేనొక ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. ఏప్రిల్ నుంచి జీతం ఆగింది, పాఠాలు మాత్రం ఆగలేదు. సింగిల్ బెడ్‌రూం అద్దె ఇల్లు, మూడేళ్ళ కొడుకు, ఇద్దరికీ కలిపి ఒక్క ల్యాప్‌టాప్. జూన్‌లో అక్క ఫోన్ చేసింది.

"చెల్లె, పిల్లను రెండు నెల్లు నీ దగ్గర ఉంచుకుంటవా? ఈడ సెల్లార్ల మొగపిల్లలు, డ్రైవర్లు తిరుగుతున్నరు. నాకు నిద్ర పడుతలేదు."

నేను "చూద్దాం అక్కా" అన్నాను.

చూద్దాం అంటే ఏంటో మన ఇండ్లల్లో అందరికీ తెలుసు. అక్క మళ్ళీ అడగలేదు. జీతం లేదు, ఇల్లు చిన్నది, అన్నీ నిజాలే. కానీ ఆ ఒక్క మాటతో పదో ఏట నాకు దొరికిన ఇనుప మంచం మళ్ళీ కళ్ళ ముందుకొచ్చింది. ఇక్కడ మీరు నన్నేమన్నా పడతాను.

సెప్టెంబర్ 1 నుంచి టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. గురుకులం టీచర్లు రోజూ ఫోన్ చేసి చూశావా, రాశావా అని అడిగేవాళ్ళు. పాపం, వాళ్ళ కష్టం వాళ్ళది. ఆ రోజుల్లోనే విలేజ్ లెర్నింగ్ సర్కిల్స్ అని గురుకులాల పిల్లలే ఊళ్ళలో చెట్ల కింద, కమ్యూనిటీ హాళ్ళలో కూర్చుని తమకంటే చిన్నవాళ్ళకు పాఠాలు చెప్పారు. నేను చూసిన మంచి పనుల్లో అదొకటి. కానీ సర్కిల్ కావాలంటే ముందు విలేజ్ ఉండాలి. కొండాపూర్ సెల్లారులో ఆ పిల్ల ఒక్కతే సర్కిల్.

ఒకరోజు పోయి చూశాను. ఎవరో ఫ్లాట్ వాళ్ళు పాతదని ఇచ్చిన టీవీ. భౌతికశాస్త్రం పాఠం నడుస్తోంది, పిల్ల నోటుబుక్‌లో బొమ్మ గీస్తోంది. ఇంటర్‌కం మోగింది. నాలుగో అంతస్తుకు పార్శిల్ వచ్చింది, తెచ్చివ్వాలి. పోయింది, వచ్చింది. బొమ్మ టీవీలోంచి పోయింది. మళ్ళీ మోగింది. రెండో అంతస్తులో ఎవరికో పాజిటివ్, తలుపు బయట చెత్త సంచి పెట్టారు. బావ మోటార్ దగ్గరున్నాడు. పిల్ల చేతులకు పాల కవర్లు తొడుక్కుని లేచింది. నేను "నేను పోతా, నువ్వు కూసో" అన్నాను. "నువ్వు పోతే ఎవరని అడుగుతరు చిన్నమ్మా. నేనైతే అడగరు" అంది.

ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒకటుంది. అది బావది కాదు. గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళను నమోదు చేయడానికి, మైగేట్ వేసి అసోసియేషన్ ఇచ్చిన ఫోన్. అందులో వాట్సాప్ పెట్టొద్దని షరతు. టీచర్ పంపిన వర్క్‌షీట్లు నా ఫోన్‌కు వచ్చేవి. నేను ఫోన్లో చదివి వినిపిస్తే పిల్ల రాసుకునేది. లెక్కల సూత్రాలు ఫోన్లో చదివి వినిపించడం ఎంత కష్టమో తెలుగు పీహెచ్‌డీకి అప్పుడు తెలిసింది.

అపార్ట్‌మెంట్ లిఫ్టులో కాగితం అంటించారు. 'సామాజిక దూరం పాటించండి. పనివాళ్ళు మెట్లు వాడవలెను.' మనిషికీ మనిషికీ ఆరడుగుల ఎడం అని చెప్పడానికి సామాజిక దూరం అన్న మాట ఎవరు తెచ్చారో గానీ, ఆ లిఫ్టులో మాత్రం సరైన అర్థంలోనే వాడారు. భౌతిక దూరం అనాలని తర్వాత సవరించుకున్నారు. మన వాడలకు సవరణ అక్కర్లేదు, ఆ మాట మనకు కొత్త కాదు. అదే సెప్టెంబర్ 25న దుర్గం చెరువు తీగల వంతెన ప్రారంభించారు. దాని రంగుల దీపాల ముందు సెల్ఫీల కోసం జనం ఎగబడ్డారు. పిల్ల కూడా చూడాలంది. బావకు గేటు వదిలి పోయే వీల్లేక పోలేదు.

2021 జనవరిలో అసలు సంగతి వచ్చింది. ఫిబ్రవరి 1 నుంచి తొమ్మిదో తరగతి, ఆపై వాళ్ళకు బడులు తెరుస్తామన్నారు. తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం ఉండాలన్నారు. అదే వారం ఐదో అంతస్తు మేడం బావను పిలిచి మాట్లాడింది. ఇద్దరూ ఇంట్లోంచే ఉద్యోగం, చంటిపిల్ల ఏడుస్తోంది. మీ అమ్మాయి పొద్దంతా మా ఇంట్లో ఉండి పాపను ఆడిస్తే నెలకు ఆరు వేలు. తినడానికి ఇక్కడే. సాయంత్రం నేనే చదువు చెప్తాను, పాత ట్యాబ్ ఇస్తాను. బయట ఇంత జబ్బుంటే ఆడపిల్లను హాస్టల్‌కెట్లా పంపుతారు?

ఆమె చెడ్డ మనిషి అని రాస్తే ఈ పోస్టుకు లైకులు ఎక్కువొస్తాయి. ఆమె చెడ్డ మనిషి కాదు. లాక్‌డౌన్‌లో అక్కావాళ్ళకు బియ్యం ఇచ్చింది ఆమే. అందుకే బావ కాదనలేకపోయాడు. ఆరు వేలంటే ఆ ఇంట్లో పోయిన అక్క జీతంలో ముప్పాతిక. "ఆడ ఏమన్నయితే ఎవరు జిమ్మేదారు? కాయితం మీద మనమే జిమ్మేదారని రాయమంటున్నరు" అని బావ. అది కూడా నిజమే. అంగీకార పత్రం అంటే అంతే కదా. బడి నడపాల్సిన వాళ్ళ బరువులో కొంత వాచ్‌మన్ సంతకం మీద పెట్టడం.

ఆ రాత్రి నన్ను పిలిపించారు. చదువుకున్నదాన్నని. బావ ఒకటి, అక్క ఒకటి. నేను విద్య గురించీ విముక్తి గురించీ అరగంట మాట్లాడాను. బావ తల వంచుకుని విన్నాడు. చివరికి, "నువ్వు చెప్పేదంతా మంచిదే చెల్లె. మొన్న జూన్ల రెండు నెల్లు ఉంచుకొమ్మంటే నీకే వీలు గాలె. మాకెట్ల వీలైతది?" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

ఎవరూ మాట్లాడలేదు. పిల్ల లేచి, పెట్టెలోంచి నోటుబుక్ తీసి, కాగితం చింపి, తనే రాసుకుంది. ప్రధానోపాధ్యాయురాలు గారికి నమస్కరించి వ్రాయునది. నాలుగు లైన్లు. దస్తూరి ముత్యాల్లా ఉంది. తీసుకుపోయి వాళ్ళమ్మ ముందు పెట్టింది.

"ఆడ ఏముందే అంత?" అన్నాడు బావ.

"ఆడ నాకు మంచం ఉంటది నాయినా. నా పేరు పెట్టి పిలుస్తరు. ఈడ ఎవ్వరికీ నా పేరు తెల్వది."

అక్కకు సంతకం వచ్చు. బడి మానేసినా అదొక్కటి మర్చిపోలేదు. మెల్లగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని పెట్టింది.

ఫిబ్రవరిలో పోయిన పిల్ల ఎనిమిది వారాలు కూడా నిండకుండానే తిరిగొచ్చింది. మార్చి 24 నుంచి మళ్ళీ బడులు బంద్. ట్రంకు పెట్టె రెండోసారి దిగింది. రెండో వేవ్ సంగతి వివరంగా రాయను, ఇది చదువుతున్న మీలో ఎంతమంది ఎవరెవరిని పోగొట్టుకున్నారో నాకు తెలుసు. మే 12న మళ్ళీ లాక్‌డౌన్ పెట్టారు. ఆ వారమే బావకు జ్వరం. గచ్చిబౌలి టిమ్స్‌లో తొమ్మిది రోజులున్నాడు, బతికి బయటపడ్డాడు. మిగతా ఇద్దర్నీ గది ఖాళీ చేసి కొన్నాళ్ళు ఎటైనా పొమ్మని అసోసియేషన్ చెప్పింది. ఈసారి నేను చూద్దాం అనలేదు. నాకు ధైర్యం వచ్చి కాదు, అడగకుండానే వాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు కాబట్టి. పెట్టె నా పుస్తకాల అల్మారా పక్కన పెట్టుకున్నాం.

నలభై రోజులున్నారు. పిల్ల నా థీసిస్ తీసి చదివింది. అందులో ఒక అధ్యాయం దళిత కథల్లో హాస్టల్ గురించి. ఆకలి, పురుగుల అన్నం, గోడలు, వార్డెన్ బెత్తం, అమ్మ మీద బెంగ. "చిన్నమ్మా, మీ హాస్టల్ గిట్లుండెనా?" అని అడిగింది. ఉండేదన్నాను. "మాకు గుడ్డు పెడ్తరు. చికెన్ కూడా. నీళ్ళ పప్పు ఈడనే తింటున్నం" అంది. నేనామె వైపు చూస్తూ ఉండిపోయాను. మా తరం హాస్టల్‌ని దుఃఖంగా రాసింది, తప్పేం కాదు, అది దుఃఖమే. కానీ హాస్టల్‌కు తాళం పడితే ఏమవుతుందో మా కథల్లో ఎక్కడా లేదు. ఇంటికి పోవడమే ఆ కథలన్నిట్లో సుఖాంతం. నా మూడు వందల పేజీల్లో ఇల్లు అనే మాటను నేనసలు ప్రశ్నించనే లేదు.

అంబేడ్కర్ 1925లో షోలాపూర్‌లో హాస్టల్ పెట్టించడం గురించి పిల్లలకు క్లాసులో చెబుతుంటాను. బడి పెడితే సరిపోదా, హాస్టల్ ఎందుకని అడిగితే ఇదివరకు దూరాభారం అని చెప్పేదాన్ని. ఇప్పుడు అలా చెప్పను.

2021 సెప్టెంబర్ 1న బడులు తెరిచారు, గురుకులాలు తెరవలేదు. ముందురోజే హైకోర్టు గురుకులాలు, హాస్టళ్ళు తెరవొద్దంది. పిల్లల ప్రాణాల మీద ఆలోచనతో చెప్పిన మాటే, తప్పుపట్టను. కానీ రోజూ బస్సులో పోయొచ్చే పిల్లలకు బడి తెరుచుకుని, రాత్రి పడుకునే చోటు కూడా బడే అయిన పిల్లలకు మూసి ఉండటం ఆ రెండు నెలలు కళ్ళారా చూశాం. అక్టోబర్‌లో అనుమతి వచ్చింది. పదో తరగతి పిల్ల పోయింది. నవంబర్ చివర్లో పటాన్‌చెరు దగ్గర ముత్తంగి గురుకులంలో నలభై మందికి పైగా పిల్లలకు పాజిటివ్ అని వార్త. అక్క ఆ రాత్రి నాకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. "సంతకం నేనే పెట్టిన చెల్లె" అంటుంది, ఏడుస్తుంది. పంపించినందుకు భయం, తెచ్చుకుంటే ఐదో అంతస్తు. ముత్తంగికి వాళ్ళ బడికీ సంబంధం లేదని చెప్పడం తప్ప నాకేం చేతకాలేదు. ఆ రాత్రి ఇద్దరం పడుకోలేదు.

2022 జనవరిలో ఒమిక్రాన్‌తో పెట్టె మూడోసారి దిగింది, ఈసారి నేరుగా మా ఇంటికే. ఫిబ్రవరి 1న ఎక్కింది. పదో తరగతి పరీక్షలు మే 23న మొదలయ్యాయి. పదకొండు పేపర్లను ఆరుకు, సిలబస్‌ను డెబ్బై శాతానికి తగ్గించారు. ఆ ముప్పై శాతం ఏం పోయిందో ఆ పిల్లకు ఇంటర్‌లో ఫిజిక్స్ మొదటి నెలలోనే తెలిసింది. గౌలిదొడ్డి రాలేదు. వేరే గురుకుల కాలేజీలో బైపీసీ దొరికింది.

ఐదో అంతస్తు మేడం స్వీట్ బాక్స్ పంపింది. పేరు తెలుసుకుని, బాక్స్ మీద రాసి మరీ పంపింది. పేరులో ఒక అక్షరం తప్పుంది. అక్క ఆ డబ్బా ఇంకా దాచుకుంది, దాంట్లో సూదీదారం పెట్టుకుంటుంది.

ఇన్‌బాక్స్‌లో అడిగిన బిడ్డా, నాకు తెలిసింది ఇంతే. ఆ రెండేళ్ళు నువ్వెక్కడున్నావో, నీ పెట్టె ఎక్కడ పెట్టుకున్నావో నువ్వు రాయి. కింద కామెంట్లలో మిగతావాళ్ళు కూడా రాయండి. రాయడం ఇబ్బందయితే నాకు ఫోన్ చేసి చెప్పండి, నేను రాసిపెడతాను. వచ్చే ఆదివారం మా వార్డెనమ్మ గురించి.

జై భీమ్.