నాలుగేసి లైన్లు

పైథాన్‌లో ఫైలు తెరిచి ఫర్ లూప్ పెడితే లైన్లు ఒక్కొక్కటిగా చేతికొస్తాయి. ఫైలు ఎంత పెద్దదైనా మెమరీ మీద భారం పడదు. సర్వర్ లాగ్ చదవడానికి ఇంతకంటే ఏం కావాలి? అక్కడ చాలావరకు ఒక లైనంటే ఒక పూర్తి సంగతి. పద్యం అలా కాదు. ఆటవెలదికి నాలుగు పాదాలు. ఒక్క పాదాన్ని విడదీస్తే మాట సగంలో తెగుతుంది. నాలుగేసి లైన్లు కలిపి చదవాలి.

నేను చదవాల్సిన ఫైలు మా అమ్మమ్మ నోట్‌బుక్. తనకు గుర్తున్న వేమన పద్యాలు అందులో రాసుకుంది, అన్నీ మకుటం ఉన్నవే. కాగితం దగ్గర మహా పొదుపు. పద్యానికీ పద్యానికీ మధ్య అంకె లేదు, ఖాళీ లేదు. ఆమె పోయాక, పాదానికో లైను చొప్పున ఉన్నదున్నట్టు టైపు చేశాను.

దీనికి పైథాన్‌లో పాత కిటుకు ఒకటుంది. ఫైలుకి ఒక ఇటరేటర్ తీసుకుని, దాన్నే నాలుగుసార్లు జిప్‌కి ఇవ్వడం. ఒకే కుళాయి కింద నాలుగు బిందెలు వరసగా పట్టినట్టన్నమాట. మొదటి లైను మొదటి బిందెలో, రెండోది రెండోదాంట్లో. చూడ్డానికి ముచ్చటైన కోడ్.

చివర్లో నాలుగూ నిండకపోతే? అమ్మమ్మ ఆఖరి పద్యం రెండు పాదాల దగ్గరే ఆగింది. జిప్ ఆ రెండింటినీ చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. 3.10 వెర్షన్ నుంచి స్ట్రిక్ట్ అని అడిగితే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. జిప్ లాంగెస్ట్ ఖాళీల్లో నన్ పెట్టి నాలుగు చేస్తుంది. 3.12లో వచ్చిన బ్యాచ్డ్ మిగిలిన రెండింటిని రెండుగానే ఇస్తుంది. నాకివి నలుగురు పరిష్కర్తల్లా కనిపిస్తాయి. శిథిలమైన ప్రతి దొరికితే ఒకాయన సగం పద్యాన్ని తీసిపారేస్తాడు, ఒకాయన ప్రతినే తిప్పి పంపుతాడు, ఒకాయన చుక్కలు పెడతాడు, ఇంకొకాయన ఉన్నంతవరకూ అచ్చేస్తాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేసిన బ్రౌన్‌కీ ఈ చిక్కు ఎదురయ్యే ఉంటుంది.

అసలు ప్రమాదం మాత్రం మధ్యలో ఉంది. ఒక పద్యంలో మూడో పాదం అమ్మమ్మకి గుర్తు రాలేదు. అక్కడ ఒక గీత వదిలేసి నాలుగోది రాసింది. నోట్‌బుక్ మొత్తంలో ఖాళీ గీత అదొక్కటే. ఫైలు చదివేటప్పుడు ఖాళీ లైన్లు తీసేయడం మా వృత్తిలో అలవాటు, శుభ్రం చేయడం అంటాం. ఇక్కడ శుభ్రం చేస్తే మకుటం మూడో లైన్లోకి జరుగుతుంది, తర్వాతి పద్యం తొలి పాదం నాలుగోదైపోతుంది. అక్కణ్ణుంచి ప్రతి పద్యానికీ పక్క పద్యం తల అతుక్కుంటుంది. కోడ్ మాత్రం హాయిగా నడుస్తుంది!

అందుకే నాలుగు లైన్లూ వచ్చిన ప్రతిసారీ ఆఖరిదాంట్లో మకుటం ఉందా అని చూసే షరతు పెట్టాను. మకుటాన్ని ఇన్నాళ్ళూ కవి సంతకంగానే చదివాను. నోటి మీద బతికిన పద్యాలకి అది పొలం గట్టు మీది హద్దురాయి కూడా.

ఆ మూడో పాదం అచ్చు పుస్తకంలో దొరుకుతుంది. "నింపెయ్ రా, ఏం పోయింది?" అంది అమ్మ. నింపితే వేమన పద్యం పూర్తవుతుంది గానీ, అది అమ్మమ్మ రాసిన పద్యం కాకుండా పోతుంది. ఇక్కడ ఒక పాదం ఉండాలని తనకి తెలుసు, అదేమిటో గుర్తు రాలేదు. ఆ రెండు సంగతులూ ఆ ఖాళీలోనే ఉన్నాయి.

నా స్క్రిప్ట్‌లో బ్యాచ్డ్ వాడాను. ఖాళీ లైన్లు తీసేసే ముక్క రాయలేదు. న్యూలైన్ గుర్తు తప్ప ఏమీ లేని ఆ లైనుని కూడా అది పాదంగానే లెక్కపెడుతుంది.