ముక్తి భవన్‌లో ఒక పూట

వారణాసిలో గొదౌలియా కూడలికి దగ్గర్లోనే ఉంది కాశీలాభ్ ముక్తి భవన్. దాల్మియాల ట్రస్టు 1958లో తెరిచిన ఈ పాత ఇంట్లో 12 గదులు. చావు దగ్గరపడినవాళ్లకే ఇక్కడ బస. కాశీలో పోయేవాళ్ల చెవిలో శివుడు తారకమంత్రం చెబుతాడని, ఇక జన్మ ఉండదని నమ్మి, బిహార్ నుంచీ తూర్పు ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచీ పిల్లలు తమ పెద్దవాళ్లను తీసుకొస్తారు. మామూలుగా గడువు 15 రోజులు. ఆలోగా పోకపోతే ఇంటికి తీసుకెళ్లాలి. కర్కశంగా అనిపించింది కానీ, గది కోసం ఎదురుచూసేవాళ్లూ ఉంటారు కదా.

'కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే' అని మన సామెత. ఇప్పుడు మనవాళ్లు రైల్లో వచ్చి, తొమ్మిది రాత్రులు నిద్రచేసి హాయిగా తిరిగి వెళ్తున్నారు. సామెతలోని ఆ పాత కాశీ ఈ ఇంట్లో ఇంకా మిగిలి ఉంది.

ఒక గదిలో చెక్కమంచం మీద ముసలావిడ. కోడలు దూదిని గంగనీళ్లలో ముంచి ఆమె పెదాలు తడుపుతోంది. కొడుకు మూలన స్టవ్ మీద కిచిడీ వండుతున్నాడు. మధ్యలో ఆవిడ ఏదో గొణిగితే వంగి విన్నాడు. పక్కింటివాళ్లకు ఇవ్వాల్సిన గోధుమల సంగతి గుర్తుచేస్తోందట. "ఊళ్లో ఉంటే వచ్చిన ప్రతివాళ్లూ ఆసుపత్రికి తీసుకెళ్లలేదేమని అడుగుతారు. ఇక్కడ ఎవరూ అడగరు" అన్నాడు.

ఆ మాటే నా మనసులో నాటుకుంది. మన ఊళ్లలో ఐసీయూ తలుపు బయట కాగితాల మీద సంతకాలు పెడుతూ, లోపల ఉన్న తల్లి చెయ్యి పట్టుకోలేని కొడుకులను ఎందరినో చూశాను. ఇక చాలు అనుకునే ధైర్యం ఒంటరి మనిషికి రాదు. ఆ ధైర్యాన్ని ఈ ఇల్లు ఇంటిల్లిపాదికీ ఇస్తోంది. పూజారి తులసితీర్థం పోస్తాడు, భజన సాగుతుంది, మరణం ఇంటి పనుల్లో ఒకటవుతుంది.

అయితే ఇది ఆసుపత్రి కాదు, వైద్యం ఉండదు. క్యాన్సర్ నొప్పికి భజన ఒక్కటే సరిపోతుందని నేను నమ్మను. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో, జబ్బు నయం కాదని తేలినవాళ్లకు కూడా మార్ఫిన్ ఇచ్చి బాధ తగ్గించే విభాగం ఉంది. తులసితీర్థమూ ఆ మందూ ఒకే మంచం దగ్గర ఉండొచ్చు కదా అని పూజారిని అడిగాను.

"నొప్పితో అల్లాడేవాళ్ల చెవికి రామనామం ఎక్కదు బాబూ. నొప్పి తగ్గించే మందు పాపమని నేనెప్పుడూ అనలేదు" అన్నాడాయన.