ప్రాణమున్న సరుకు

ప్రబంధాల్లోని పురవర్ణనల మీద పరిశోధన చేసి పట్టా పుచ్చుకొన్నవాణ్ణి నేను. ఆ కావ్యాల్లోని విపణివీథులు నాకు మా ఊరి బజారంతగా పరిచితాలు. కోటలను, మేడలను, ఏనుగులను, గుర్రాలను వర్ణించిన పిమ్మట కవి అంగడివీథికి వస్తాడు. అక్కడ పువ్వులమ్మే పుష్పలావికలు కనిపిస్తారు. వారి సరుకు సాయంత్రానికి వాడిపోయేది. కొనవచ్చినవాడు చమత్కారంగా ఒక మాట విసురుతాడు. ఆమె అంతకు మించిన చమత్కారంతో బదులు చెబుతుంది. ఆ మాటల్లో బేరమూ ఉంటుంది, పరిచయమూ ఉంటుంది. అమ్మేవారి ముఖం కొనేవారికి కనబడుతూనే ఉంటుంది. ఇరవై ఏండ్లకు పైగా ఈ ఘట్టాలను తరగతిలో పాఠం చెప్పాను. కాని వాటిలోని అసలు విశేషం నాకు బోధపడింది నేను స్వయంగా అంగడి తెరిచిన తరువాతనే. నా అంగడికి వీథి లేదు, అరుగు లేదు. అది సెల్‌ఫోన్ తెర మీది అంగడి. నేను అమ్మినవి పువ్వులు కావు, రంగుచేపలు, నీటిమొక్కలు.

మాది కనిగిరి. మెట్టప్రాంతం. వానలు తక్కువ, నేల కింది నీరు లోతు. ఆ నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. గారపట్టిన పళ్ళను, వంగిపోయిన నడుములను మా చుట్టుపట్ల పల్లెల్లో చూడనివారుండరు. అందుచేత తాగడానికి నీళ్ళ క్యాను కొనుక్కొంటాము. బోరునీటిని ఇతర అవసరాలకు వాడుకొంటాము. ఆ నీరు కాచిన గిన్నె అడుగున నాలుగు రోజులకే తెల్లని పొర కడుతుంది. ఇటువంటి చోట చేపల పెంపకమేమిటని మీరు అడగవచ్చు. దానికి కారణం దోమలు. పెరటిలోని సిమెంటు తొట్టిలో దోమపిల్లలు చేరుతున్నాయని నా భార్య ఒంగోలు నుంచి అయిదు జతల గప్పీ చేపలను తెప్పించి వేసింది. కథ అక్కడ మొదలయింది.

గప్పీ మన దేశపు చేప కాదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా ఉత్తర తీరప్రాంతం. 1859లో పీటర్స్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు దానిని తొలిసారిగా శాస్త్రీయంగా వర్ణించాడు. 1866లో ట్రినిడాడ్ ద్వీపం నుంచి గప్పీ అనే ప్రకృతి పరిశోధకుడు పంపిన చేపలను లండనులో పరిశీలించినవారు అది కొత్త జాతి అని భావించి ఆయన పేరు పెట్టారు. అది కొత్తది కాదని తరువాత తేలినా, జనవ్యవహారంలో ఆ పేరే నిలిచిపోయింది. ఈ చేప గుడ్లు పెట్టదు, పిల్లలను కంటుంది. ఇంచుమించు నెలకొక కాన్పు. కాన్పుకు ఇరవై ముప్పై పిల్లలు. కాఠిన్యం గల నీరంటే దానికి ప్రీతి. మా గిన్నెలకు పొర కట్టించిన బోరునీటి గట్టిదనమే దానికి అమృతమయింది. అయితే కన్నతల్లే తన పిల్లలను మింగడం ఈ జాతికి ఉన్న దుర్గుణం. పిల్లలు దాగుకొనడానికి తొట్టిలో మొక్కలుండాలి. అందుకని జావా నాచు, వాలిస్నేరియా, అంతరతామర తెచ్చి వేశాము. ఏడాది తిరిగేసరికి ఒక తొట్టి నాలుగు తొట్లయింది. పది చేపలు కొన్ని వందలయ్యాయి. ఇరుగుపొరుగులకు పంచాము; బంధువులకు పంచాము. చివరకు మా ఇంటికి వచ్చినవారు వెళ్ళేటప్పుడు, "చేపలు మాత్రం వద్దండీ" అని ముందుగానే చెప్పవలసి వచ్చింది.

2020 మార్చిలో కరోనా కారణంగా కళాశాలలు మూతపడ్డాయి. ఆ రోజుల్లో నా పూర్వవిద్యార్థి ఒకడు హైదరాబాదు నుంచి వచ్చి, మా వీథిలోని తన ఇంటి నుంచే ఉద్యోగం చేసుకొంటూ ఉండేవాడు. అతడు తొట్లను చూసి, "సార్, వీటిని ఊరికే పంచడమెందుకు? ఇంటర్‌నెట్టులో పెడితే రాష్ట్రమంతా కొంటారు" అన్నాడు. ఫొటోలు తీసి, జత నలభై రూపాయలని వెల కట్టి, తానే ప్రకటన పెట్టాడు. నా భార్య నవ్వి ఊరుకొంది. నాకు మాత్రం ప్రబంధనాయకుని పట్టణంలో నాకూ ఒక అంగడి దొరికినంత ఉత్సాహం కలిగింది.

ఆ ఉత్సాహం వారం రోజులు నిలిచింది. "ఉన్నాయా?" అని అడిగేవారు. ఉన్నాయంటే మళ్ళీ మాట ఉండేది కాదు. "చివరి ధర చెప్పు" అనేవారు. తండ్రి వయసువాణ్ణి ఏకవచనంలో పిలుస్తున్నామన్న స్పృహ వారికి లేదు; ఎలా ఉంటుంది? నా ముఖం వారికి కనబడదు కదా. ఆదివారం ఉదయం వస్తామన్నవారి కోసం చేపలను పట్టి వేరే పాత్రలో ఉంచితే సాయంత్రం దాకా వచ్చేవారు కారు. ఒకడు తాను సరిహద్దులో పనిచేసే సైనికుణ్ణనీ, యాభై జతలు కావాలనీ చెప్పి, ముందుగానే డబ్బు పంపుతానని ఒక చతురస్రపు గుర్తు పంపాడు. దానిని స్కాన్ చేసి రహస్యసంఖ్య నొక్కమన్నాడు. నా భార్య చేయి పట్టుకొని ఆపింది. "డబ్బు ఇచ్చేవాడు మన తాళం అడుగుతాడా అండీ?" అంది. డబ్బు పుచ్చుకోవడానికి రహస్యసంఖ్యతో పనిలేదు, ఇవ్వడానికే దానితో పని అన్న సత్యం ఆనాడు నాకు తెలిసింది. ఇటువంటి మోసాల మీద ఫిర్యాదు చేయడానికి 1930 అనే నంబరు ఉన్నదని తరువాత తెలుసుకొన్నాను. విద్యార్థులు దానిని గుర్తుంచుకోవడం మంచిది.

కొన్నాళ్ళకు నా ప్రకటనే మాయమయింది. జంతువుల విక్రయం నిషిద్ధమని ఒక యంత్రం నుంచి సందేశం వచ్చింది. నియమం మంచిదే కావచ్చు. కాని అదే చోట మరొకరి చేపల ప్రకటన నిక్షేపంగా ఉంది. కారణం అడుగుదామంటే అడగడానికి మనిషి లేడు. మొక్కలకు నిషేధం లేదు కనుక వాటిని వేరొక పెద్ద అంగడిలో పెట్టాను. తడి కాగితంలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో ఉంచి జావా నాచు పంపాను. కొన్నవారు ఊరిలో లేరు. పొట్లం వారి ఇంటి గడపలో అయిదు రోజులు పడి ఉంది. వచ్చి విప్పేసరికి నాచు కుళ్ళిపోయింది. వాపసు చేయడానికి కారణాలు అంటూ ఆ అంగడి ఒక జాబితా ఇచ్చింది: కొలత సరిపోలేదు, రంగు నచ్చలేదు, పగిలిపోయింది. వాడిపోయింది అన్న మాట అందులో లేదు. పాపం, వారు 'పగిలిపోయింది' అన్నదానిని ఎంచుకొన్నారు. మరో వారానికి కుళ్ళిన నాచు మా ఇంటికి తిరిగి వచ్చింది. రానుపోను కిరాయి నా ఖాతాలో పడింది. చొక్కాకూ చెప్పుకూ ఏర్పరచిన నియమాలు ప్రాణమున్నదానికి పనికిరావు. ఆ అంగడి నిఘంటువులో 'జీవం' అనే పదమే లేదు.

చేపల ప్రకటనను నా శిష్యుడు మరొక చోట పెట్టాడు. దూరప్రాంతాల నుంచి అడిగేవారు రావడంతో పొట్లం కట్టే విద్యను నేర్చుకొన్నాను. ప్రయాణానికి ముందు ఒక రోజు చేపకు మేత మానిపించాలి. సంచిలో మూడో వంతు నీరు పోసి, తక్కిన భాగమంతా ఆక్సిజన్ నింపి, రబ్బరు బ్యాండ్లతో బిగించి, థర్మోకోల్ పెట్టెలో ఉంచాలి. ప్రయాణంలో చేప విసర్జించే అమ్మోనియా ఆ నీటిలో పేరుకొంటుంది. అది విషమే; కాని చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు నీటికి ఆమ్లగుణం కలిగించడం వలన దాని తీవ్రత అణగి ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు తప్పించుకుపోతుంది, విషం విజృంభిస్తుంది. కనుక విప్పిన తరువాత చేపలను ఆ నీటిలో ఎక్కువసేపు ఉంచరాదు. ఇంత శ్రమపడి పంపిన చేపలు నలభై రూపాయలవి. పెట్టెకు, కిరాయికి అయ్యే ఖర్చు అంతకు నాలుగైదు రెట్లు. ఒకాయన చేపలు క్షేమంగా చేరాయని చెప్పి, మూడో రోజున చచ్చిపోయాయని నన్ను నిందించాడు. విచారిస్తే, వాటిని శుద్ధిచేసిన క్యాను నీటిలో వేశాడట. మనిషికి మంచిది కాబట్టి చేపకూ మంచిదనుకొన్నాడు. లవణాలను చాలావరకు తీసివేసిన ఆ నీరు మా గట్టినీటిలో పుట్టిన చేపకు సరిపడలేదు. అది అతని తప్పా, చెప్పని నా తప్పా?

ఆ ప్రశ్నకు జవాబు దొరకకముందే అంతకంటె పెద్ద తప్పు చేశాను. 2022 మే నెల. నంద్యాల నుంచి ఒక తండ్రి ఫోన్ చేశాడు. సోమవారం తన కూతురి పుట్టినరోజట. ఏడు జతలు కావాలన్నాడు. ఆనాడు శనివారం. ఆదివారం బట్వాడా ఉండదని నాకు తెలుసు. రోహిణి ఎండలనీ తెలుసు. "సోమవారానికి ఎలాగైనా అందుతాయిలెండి" అని ఆయన బతిమాలాడు. డబ్బు అప్పటికే పంపించాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. నిజం చెప్పాలంటే, వరుసగా నాలుగు వారాలు అమ్మకం లేక, వచ్చిన బేరాన్ని వదులుకోవడానికి మనసొప్పలేదు. పెట్టె ఏదో గిడ్డంగిలో రెండు పగళ్ళు మగ్గి మంగళవారం మధ్యాహ్నం చేరింది. పధ్నాలుగింటిలో పన్నెండు చచ్చిపోయాయి. డబ్బు తిరిగి పంపాను. తండ్రి ఏమీ అనలేదు. కాని ఫోన్ ఆ పాప తీసుకొంది. "తాతగారూ, పంపేటప్పుడు అవి బతికే ఉన్నాయా?" అని అడిగింది. ఉన్నాయన్నాను. "మరి ఎందుకు పంపారు?" అంది.

డాక్టరేటు పట్టా పుచ్చుకొన్ననాడు పండితులు అడిగిన ప్రశ్నలన్నింటికీ తడుముకోకుండా సమాధానాలు చెప్పాను. ఈ ప్రశ్నకు చెప్పలేకపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టక భారతం తెరిచాను. అరణ్యపర్వంలోని మత్స్యోపాఖ్యానం మనసులో మెదిలింది. ఆ పర్వశేషాన్ని పూరించిన ఎఱ్ఱన మాకు పరాయివాడు కాడు. అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానకవి. నదీతీరంలో తపస్సు చేస్తున్న వైవస్వత మనువును ఒక చిన్నచేప శరణు కోరింది. పెద్దచేపలు తనను మింగుతాయని భయపడింది. మనువు దానిని ఒక పాత్రలో ఉంచి పోషించాడు. పెరిగి పాత్ర చాలకపోతే బావిలో వేశాడు. బావి చాలకపోతే గంగలో విడిచాడు. గంగ కూడ చాలకపోతే సముద్రానికి చేర్చాడు. ప్రళయకాలంలో ఆ చేపయే అతని నావను లాగి కాపాడింది. ఈ కథ పాఠం చెప్పినప్పుడల్లా ప్రళయాన్ని గురించే విస్తరించి చెప్పేవాణ్ణి. ఆనాడు నా దృష్టి పాత్ర దగ్గరే ఆగింది. మనువు చేపను పాత్రలో ఉంచి తన పని తీరిందనుకోలేదు. దానికి ఏ నీరు చాలుతుందో ప్రతిసారీ చూశాడు. చూసి, మోసుకొని వెళ్ళాడు. ప్రాణిని చేతిలోకి తీసుకొన్న క్షణం నుంచి దాని తరువాతి చోటును గురించిన చింత మనదే అవుతుంది. డబ్బు చేతులు మారినంత మాత్రాన ఆ చింత చేతులు మారదు.

మరునాడు కొన్ని నియమాలు పెట్టుకొన్నాను. వేసవిలో పంపరాదు. వారాంతంలో పంపరాదు. పగటిబస్సు సాయంత్రానికి చేర్చే ఊళ్ళకు తప్ప పంపరాదు. కొనదలచినవారు వారం ముందుగా తొట్టి నింపి ఉంచాలి. కుళాయినీరైతే క్లోరిన్ పోవడానికి ఒక రోజు నిలవబెట్టాలి. పెంచలేకపోతే నాకు తిరిగి ఇవ్వాలే కాని, చేపలను గాని అంతరతామరను గాని ఊరి చెరువులో వదలరాదు. అందానికని ఒకనాడు దక్షిణ అమెరికా నుంచి మన దేశానికి తెచ్చుకొన్న గుర్రపుడెక్క ఈనాడు కొల్లేటిని ఎలా కమ్ముకొన్నదో అందరికీ తెలిసినదే. ఈ నియమాలన్నీ చదివినవారిలో చాలామంది మళ్ళీ పలకరించలేదు. అమ్మకం నాలుగో వంతుకు పడిపోయింది. నా శిష్యుడు, "ఇలాగైతే వ్యాపారం సాగదు సార్" అన్నాడు. అతడన్నది నిజమే. సాగలేదు.

ఆ ఏడాది డిసెంబరులో ఒక సాయంత్రం మా గేటు దగ్గర ముగ్గురు నిలబడ్డారు. పొదిలిలో బంధువుల పెళ్ళికి వచ్చి, అక్కడి నుంచి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన నంద్యాలవారు. పాప చేతిలో స్టీలు క్యారియరు ఉంది. నాలుగు తొట్లూ వంగి వంగి చూసింది. ఆ చచ్చిపోయినవి ఏ తొట్టివో చూపమంది; చూపాను. ఆమెకు ఇష్టమైన నాలుగు జతలను పట్టి, నీటితో సహా క్యారియరులో పోసి, కొంచెం నాచు వేసి ఇచ్చాను. డబ్బు వద్దంటే తండ్రి ఒప్పుకోలేదు; బేరమాడకుండా నూటఅరవై రూపాయలు ఇచ్చాడు. "ఇంటికి పోయేదాకా బతికే ఉంటాయా?" అని పాప నా ముఖంలోకి చూస్తూ అడిగింది. ఉంటాయని మాట ఇవ్వడానికి భయపడ్డాను. మధ్యమధ్య మూత తీసి గాలి తగలనివ్వమనీ, ఎంత రాత్రయినా ఇల్లు చేరగానే ఫోన్ చేయమనీ చెప్పాను.

ప్రబంధకవులు విపణివీథిని అంత శ్రద్ధగా ఎందుకు వర్ణించారో ఆనాడు కొంత తెలిసింది. అక్కడ చేతులు మారేది సరుకు ఒక్కటే కాదు. తెర మీది అంగడి మనకు దూరాలను తగ్గించింది. ఎన్నో సౌకర్యాలు కల్పించింది. దానిని కాదనను. కాని అడిగే ముఖమూ జవాబు చెప్పవలసిన ముఖమూ ఎదురుపడకపోతే, ప్రాణమున్నది కూడ పెట్టెలోని వస్తువై పోతుంది.

ఆ రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. నేనూ నా భార్యా మేలుకొనే ఉన్నాము. "తాతగారూ, ఎనిమిదీ ఈదుతున్నాయి" అంది పాప.