యాడ దిగుతావు నాయనా?

'టికెట్ తీసుకుంటి మా... ఎల్లుండి వస్తాండా.'

'యాడ దిగుతావు నాయనా?'

కువైట్ నుంచి ఫోనొస్తే రాజంపేట చుట్టుపక్కల పల్లెల్లో మొదట వినిపించే ప్రశ్న ఇదే. రాజంపేటకు రైలుంది, హైవే ఉంది. విమానాశ్రయమే లేదు. అయితేనేం... ఎంచుకోవడానికి మాత్రం నాలుగున్నాయి! కడప, రేణిగుంట, చెన్నై, బెంగళూరు.

చైనాలోని షాంఘై వాసులదీ ఇలాంటి తంటాయే. ఒకే నగరానికి రెండు విమానాశ్రయాలు. ఊరికి దగ్గరగా హాంగ్‌చావ్, దూరంగా తూర్పున 1999లో మొదలైన పుడాంగ్. దేశంలో తిరిగే విమానాలు రెండుచోట్ల నుంచీ ఎగురుతాయి. టికెట్ మీద పేరు సరిగా చూసుకోకపోతే అంతే సంగతులు. కానీ అక్కడ రెండింటినీ కలుపుతూ మెట్రో రైలుంది. రాజంపేట వాళ్లకున్నది బాడుగ కారు!

నాలుగింట్లో దగ్గరిది కడపే. నందలూరు, ఒంటిమిట్ట మీదుగా వెళ్లి, కడప దాటాలి. మొత్తం అరవై కిలోమీటర్ల పైచిలుకు. 2015 జూన్‌లో ఈ విమానాశ్రయం ప్రారంభమైనప్పుడు జిల్లా అంతా సంబరపడింది. అయితే బెంగళూరుకు మొదట నడిచిన విమానం ఏడాదికే ఆగిపోయింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద దేశంలో ఎగిరిన తొలి విమానాల్లో కడప-హైదరాబాద్ ఒకటి. 2022 ఆరంభంలో అదీ నిలిచిపోయింది. ఆ ఏడాది మార్చిలో ఇండిగో రాకతో రన్‌వే మీద మళ్లీ సందడి మొదలైంది. ఇక్కడ దిగేవి చిన్న ఏటీఆర్ విమానాలు. రోజుకెన్నో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకటి తప్పిపోతే ఆ పూట ప్రయాణం గల్లంతే.

రేణిగుంట వైపు వెళ్తే దూరం ఎనభై దాటుతుంది. కోడూరు తోటలు, బాలపల్లె అడవి, మామండూరు... లారీల వెనక చిక్కుకుంటే గడియారం పరుగెడుతుంది, కారు మాత్రం నడుస్తుంది. కానీ తిరుమల భక్తుల పుణ్యమా అని అక్కడ విమానాలు ఎక్కువ. ఒకటి పోతే ఇంకొకటి అన్న ధీమా ఉంటుంది. ఆ ధీమా కోసమే చాలామంది ఇరవై కిలోమీటర్లు ఎక్కువైనా అటే మొగ్గుతారు.

మరి గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లో? హైదరాబాద్‌లో దిగి, విమానం మారి కడపకో రేణిగుంటకో రావచ్చు. ఇక్కడే ఉంది తిరకాసు. రెండు టికెట్లూ విడివిడిగా కొంటే సామాను హైదరాబాద్‌లో తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించాలి. కువైట్ విమానంలో ఒప్పుకున్న బరువును దేశీయ విమానంలో ఒప్పుకోరు. పిల్లల బొమ్మలు, దుప్పట్లు, సెంటు సీసాలతో నిండిన అట్టపెట్టెకు అదనపు చార్జీ తప్పదు. పైగా మొదటి విమానం ఆలస్యమైతే రెండోది ఆగదు. అందుకే చెన్నైలో దిగి, నేరుగా కారెక్కేవాళ్లే ఎక్కువ. దూరం రెండొందల కిలోమీటర్లకు పైనే. కానీ పెట్టె ఒకేసారి ఎక్కుతుంది, ఇంటి వాకిట్లోనే దిగుతుంది.

హైదరాబాద్‌లో పనున్న వాళ్లకు ఇంకో దారీ ఉంది. రాత్రి వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి కాచిగూడ. ఇల్లు కదిలిన దగ్గర్నుంచి గమ్యం చేరేదాకా లెక్కేస్తే, గంట విమాన ప్రయాణం కూడా సగం రోజు మింగేస్తుంది. కారు, గంటకు పైగా ముందే చేరడం, దిగాక నగరంలో మళ్లీ ట్రాఫిక్... అన్నీ కలిపే చూసుకోవాలి.

ఏ దారైనా వానాకాలంలో ఒకసారి వాకబు చేయాల్సిందే. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు విరుచుకుపడినప్పుడు నందలూరు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. 'దగ్గర' అన్న మాటకు ఆరోజు అర్థం లేకుండా పోయింది.

అన్నిటికన్నా కష్టమైన లెక్క ఒకటుంది. నాయన పోయాడని కబురొస్తే గల్ఫ్‌లోని కొడుకు టికెట్ ధర చూడడు, పెట్టె బరువు చూడడు. ఎక్కడ దిగితే కడచూపు దక్కుతుందో అదే చూస్తాడు. ఇంటి దగ్గర బంధువులు పాడె పక్కనే గడియారం చూస్తూ కూర్చుంటారు. అప్పుడు దగ్గరంటే కిలోమీటర్లు కాదు, గంటలు.

మామూలు రోజుల్లో మాత్రం ఈ లెక్కలేవీ అమ్మకు పట్టవు. కొడుకు కడప, చెన్నై అంటూ వివరం చెప్పబోతే మధ్యలోనే అందుకుంటుంది.

'యాడన్నా దిగు నాయనా... పొద్దుండంగనే ఇల్లు చేరు.'